కుట్టి చింపే కాగితం

మొన్న ఆదివారం అమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడుతూ, ఒళ్ళో ఉన్న క్విల్టు బ్లాకు (గుడ్డముక్కలు అతికి కుట్టిన చదరం) వెనక నుంచి కాగితం పీకుతున్నాను. కాసేపు చూసి "అదేంటే, కాగితాన్ని బట్టకేసి కుట్టడమెందుకు, మళ్ళీ కూర్చుని చింపడమెందుకు?" అంది. ఆవిడ కుట్టిన బొంతలకి లెక్కలేదు. పాత చీరలు నాలుగు పొరలుగా పరిచి, చిరిగిన చోట అతుకేసి, పెద్ద సూదితో ఈ చివర నుంచి ఆ చివరికి కుట్టుకుంటూ పోవడమే, కొలతలతో పనేముంది అందులో! నేను చేసేదాన్ని పేపర్ పీసింగ్ అంటారు, ఆవిడకి ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నా.

నేనుంటున్న అమెరికాలో క్విల్టు, అంటే మన బొంతలాంటి దుప్పటి, పైపొరని చాలావరకు బ్లాకులు బ్లాకులుగా కుడతారు. ఒక్కో బ్లాకులో ఇరవై ముప్ఫై ముక్కలుండొచ్చు, బ్లాకులన్నీ ఒకే సైజులో వస్తేనే పక్కపక్కన అతుకుతాయి. కుట్టు మార్జిన్ పావు అంగుళం, అంతే. లావైతే విప్పుకోవడానికని మన టైలర్లు జాకెట్టు లోపల వదిలే గుడ్డతో పోలిస్తే అది దాదాపు ఏమీ లేనట్టే. ఒక వరసలో 8 ముక్కలున్నాయనుకోండి, ఒక్కో ముక్క అంగుళంలో 16వ వంతు తగ్గిందనుకోండి, విడిగా చూస్తే ఏ కంటికీ ఆనదు, వరస చివరికొచ్చేసరికి అర అంగుళం పోయి ఉంటుంది.

నేను కుట్టిన మొదటి నక్షత్రం బ్లాకు అలాగే పోయింది. 8 కొసలుండాలి, రెండు మాత్రం కొసల్లా ఉన్నాయి, మిగతావి కుట్టు లోపలికెళ్ళి మొండిగా తయారయ్యాయి. దూరం నుంచి చూస్తే ముద్దబంతి పువ్వు. కత్తిరించడం తప్పేమో అని మళ్ళీ కత్తిరించాను, మళ్ళీ అదే. అసలు సంగతేంటంటే, త్రిభుజం కత్తిరించినప్పుడు కనీసం ఒక అంచు క్రాస్‌లో, అంటే నేతకి ఏటవాలుగా, పడుతుంది. క్రాస్ గుడ్డ సాగుతుందని జాకెట్లు కుట్టేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మిషను పాదం కింద కొంచెం లాగినా, ఇస్త్రీపెట్టె గట్టిగా రుద్దినా సాగిపోతుంది, ఇక ఎంత బాగా కత్తిరించి ఏం లాభం!

కాగితం పని ఇక్కడే. బ్లాకు బొమ్మని గీతలతో, నంబర్లతో సహా కాగితం మీద ప్రింటు తీస్తారు. గీతలున్న వైపు పైకి, గుడ్డ అడుగున. 1వ ముక్కని దాని మంచి వైపు బయటికి కనబడేలా కాగితం వెనక పెట్టి, 2వ ముక్కని మంచి వైపు దానికి ఆనేలా వేసి, పైన కనబడుతున్న గీత మీదే మిషను కుట్టు వేస్తారు. తర్వాత 2వ ముక్కని మడిచి తెరిచి ఇస్త్రీ. తర్వాతి గీత దగ్గర కాగితాన్ని వెనక్కి మడిచి, బయటికొచ్చిన గుడ్డని పావు అంగుళం వదిలి కోసేసి, 3వ ముక్క. అంతే, నంబర్ల ప్రకారం పోవడమే.

నాకు నచ్చింది ఏమిటంటే, ముక్కల్ని ముందే కరెక్టుగా కత్తిరించక్కర్లేదు. అటూ ఇటూ ఎక్కువగా ఉన్న పేలికైనా పర్లేదు, గీత మీద కుడితే చాలు. నా చెయ్యి అంత స్థిరమైనదేం కాదు, కానీ గీత మీద మిషను నడపడం ఎవరికైనా వస్తుంది. గుడ్డ కాగితానికి కుట్టి ఉంటుంది కాబట్టి క్రాస్ అయినా సాగదు. అందుకే సూదిమొనల్లాంటి కొసలుండే దిక్సూచి డిజైన్లు ఎక్కువగా ఇలాగే కుడతారు. ఇక్కడి వెర్మాంట్ రాష్ట్రంలోని బెన్నింగ్టన్ మ్యూజియంలో జేన్ స్టికిల్ అనే ఆవిడ 1863లో పూర్తి చేసిన క్విల్టు ఉంది, మొత్తం 5602 ముక్కలని దాని మీద ఆవిడే కుట్టి పెట్టింది. ఆ చిన్న చిన్న బ్లాకుల్ని ఇప్పుడు మళ్ళీ కుట్టేవాళ్ళలో చాలామంది కాగితాన్నే నమ్ముకుంటారు.

కుట్టు పొడవు మాత్రం తగ్గించాలి, మామూలుగా 2.5 మిల్లీమీటర్లుంటే దీనికి 1.5. చిల్లులు దగ్గరగా పడి కాగితం పోస్టల్ స్టాంపు అంచులా తేలిగ్గా చిరుగుతుంది. కానీ తప్పు కుడితే అంత చిన్న కుట్లు విప్పడం నరకం, కాగితం కూడా ఊడొచ్చి దానికి టేపు వేసుకోవాల్సొస్తుంది. కాగితం సూదిని మొండి చేస్తుంది, అందుకని పాత సూది ఒకటి దీనికే ఉంచుకున్నా.

నేను చేసిన తప్పులు చెప్పనా? గుడ్డ కాగితం వెనక ఉంటుంది కాబట్టి బ్లాకు అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. నక్షత్రానికి తేడా తెలియదు గానీ, నేను కుట్టింది మా అబ్బాయి పేరులో మొదటి అక్షరం! ఇంకోసారి ప్రింటరు కాగితానికి సరిపోయేలా బొమ్మని తనంతట తనే కుదించేసింది, నాలుగు బ్లాకులు కుట్టాక కొలిచి చూస్తే అన్నీ చిన్నవే. ఇప్పుడు ప్రింటు తీయగానే మూలనున్న 1 అంగుళం చదరాన్ని స్కేలుతో కొలవందే కుర్చీలో కూర్చోను. ఇక ముక్క తెరిచాక చోటుకి చాలకపోవడం... అది ఇప్పటికీ జరుగుతూనే ఉంది. కిటికీ అద్దానికి పెట్టి వెలుగులో చూసుకుంటే కొంత నయం.

షడ్భుజాల్లాంటి ముక్కల్ని కాగితం చుట్టూ మడిచి చేత్తో కుట్టే ఇంగ్లీషు పద్ధతి వేరే ఉంది, దాన్నీ పేపర్ పీసింగ్ అనే అంటారు. పాతకాలంలో దానికి ఉత్తరాలు, లెక్కల పుస్తకాల కాగితాలు వాడేవాళ్ళు. పూర్తికాని పాత క్విల్టుల వెనక అవి ఇంకా కనబడతాయి. నాకు అంత ఓపిక లేదు.

అన్నిటికీ ఇదే పద్ధతి అని కూడా అనను. మామూలు చదరాలకి దండగ, గుడ్డ కూడా బాగా వృథా అవుతుంది. కాగితం తీయడం విసుగే, కొసల దగ్గర ఇరుక్కున్న తునకల్ని పట్టకారుతో లాగాలి. పక్క బ్లాకులతో కలిపి కుట్టేదాకా తీయకపోతేనే మంచిది, బయటి అంచులు సాగకుండా ఉంటాయి. అమ్మ చూసింది ఆ ఆఖరి ఘట్టాన్నే.

ప్రస్తుతం దిక్సూచి బ్లాకు మీద ఉన్నా. 14వ ముక్కకి నీలం వేయాల్సింది, టీవీ చూస్తూ ఎరుపు వేసేశాను. 1.5 కుట్లు, విప్పాలి.