ఎన్నోది మీకు?

నాకు బ్లాడర్‌లో, అంటే మూత్రాశయంలో, క్యాన్సర్ వచ్చింది. అది తిరగబెట్టిందేమో చూడ్డానికి వచ్చే మంగళవారం మళ్ళీ సిస్టోస్కోపీ. ఇది ఏడోది. మూడు నెలలకోసారి కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని మూత్రం వచ్చే దారిలోంచి పంపి, బ్లాడర్ లోపలి గోడలన్నీ చూస్తారు. పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ దానికి రెండు వారాల ముందు నుంచే నేను నాలో ఉండను. అడిగింది ఒకటైతే ఇంకోటి చెబుతాను. స్టవ్ మీద ఏం పెట్టానో మర్చిపోతాను. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. బాత్రూమ్‌కి వెళ్ళి, లైటు వేసి, వంగి రంగు చూస్తాను. ఇరవై ఒక్క నెలలుగా వెళ్ళిన ప్రతిసారీ చూస్తున్నాను. పసుపు రంగు కనబడితే ఆ పూటకి ఊపిరి పీల్చుకుంటాను.

మొదటిసారి ఎర్రగా పడ్డప్పుడు నాకు యాభై నాలుగేళ్ళు. నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. నెలసరి ఆగిపోయి నాలుగేళ్ళు దాటింది కాబట్టి అది కాదని తెలుసు. యూరిన్ ఇన్ఫెక్షన్ అన్నారు, మాత్రలిచ్చారు. తగ్గిపోయింది. నెలన్నరకి మళ్ళీ పడింది, మళ్ళీ మాత్రలు. ఐదు నెలల్లో మూడు కోర్సులు వాడాను. కల్చర్ పరీక్షలో సూక్ష్మజీవులేమీ పెరగలేదని రిపోర్టు వచ్చినా ఎవరం ఆగి ఆలోచించలేదు. ఈ రక్తం దానంతటదే వచ్చి దానంతటదే ఆగిపోతుందట. మేమేమో మాత్రలు పనిచేశాయనుకున్నాం. ఈ క్యాన్సర్ మగవాళ్ళలో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. అందుకని ఆడవాళ్ళు వచ్చి రక్తం పడుతోందంటే ముందు ఇన్ఫెక్షనే తోస్తుంది, అసలు సంగతి బయటపడేసరికి ఆలస్యమవుతుంది. ఇది చదువుతున్న ఆడవాళ్ళకి చేతులెత్తి చెబుతున్నాను. నొప్పి లేకుండా ఒక్కసారి రక్తం కనబడినా, ఆగిపోయింది కదా అని ఊరుకోవద్దు. యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళండి.

గడ్డను లోపలి నుంచే గీకి తీసి బయాప్సీకి పంపారు. హై గ్రేడ్, టీ1 అని వచ్చింది. హై గ్రేడ్ అంటే వేగంగా పెరిగే రకం. టీ1 అంటే లోపలి పొర దాటి దాని కింది పొరలోకి దిగింది, కండరంలోకి మాత్రం పోలేదు. ఆ చివరి ముక్కనే పట్టుకుని వేలాడాను. నెల తర్వాత ఇంకేమైనా మిగిలిందేమోనని అదే చోట మళ్ళీ గీకి చూశారు. ఏమీ లేదు. ఆ తర్వాత బీసీజీ మొదలుపెట్టారు.

ఈ మధ్యలో నేను చేసిన పని ఒకటుంది. అందరికీ అబద్ధం చెప్పాను. "చిన్న ఆపరేషన్" అన్నాను. కొందరికి గర్భసంచి అన్నాను. నా జబ్బు పేరు చెప్పాలంటే మూత్రం అన్న మాట నా నోట్లోంచి రావాలి, అది రాలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, క్లాసులో జీర్ణవ్యవస్థ, విసర్జక వ్యవస్థ బొమ్మలు గీసినదాన్ని. తోడబుట్టినవాళ్ళతో కూడా ఆ మాట అనలేకపోయాను.

తెలిసిన నలుగురైదుగురూ ఫోన్లు చేసేవారు. "ధైర్యంగా ఉండు", "నీకేం కాదు", "నువ్వు గట్టిదానివి". వాళ్ళ ప్రేమని నేనెప్పుడూ శంకించలేదు. కానీ ఫోన్ పెట్టేశాక ఇంకా ఒంటరిగా అనిపించేది. గట్టిదానివి అన్నాక, నాకు భయంగా ఉందని ఇంకెలా చెప్పను? మన భాషలో ధైర్యం చెప్పడం అంటాం. అది చెప్పేవాళ్ళకి కొదవ లేదు. నాకు కావలసింది, నా భయం వినేవాళ్ళు.

అలాంటి మనిషి నాకు ఆస్పత్రి వెయిటింగ్ హాల్లో దొరికింది.

బీసీజీ అంటే పసిపిల్లలకి టీబీ రాకుండా భుజానికి వేసే టీకాయే. 1921 నుంచి ఉన్నది. అదే మందుని బ్లాడర్‌లోకి పోస్తే క్యాన్సర్ మళ్ళీ రాకుండా ఆపుతుందని 1976లో ఆల్వారో మొరాలెస్ అనే డాక్టరు తొమ్మిది మంది రోగుల వివరాలతో మొదటిసారి రాశాడు. బలహీనపరచిన బతికున్న సూక్ష్మజీవులు అవి. వాటిని ఎదుర్కోవడానికి మన రోగనిరోధక శక్తి లేచి, ఆ ఊపులో క్యాన్సర్ కణాల మీద కూడా పడుతుంది. క్యాథెటర్‌తో మందు పోసి గొట్టం తీసేస్తారు. రెండు గంటలు ఆపుకోవాలి. వారానికొకటి చొప్పున ఆరు, తర్వాత మెయింటెనెన్స్ అని విడతకి మూడు.

రెండో డోసు రాత్రి నాకు చలిజ్వరం వచ్చింది. పావుగంటకోసారి బాత్రూమ్‌కి పరుగు, వెళ్తే నాలుగు చుక్కలు, ఆ నాలుగు చుక్కలకీ నిప్పు పెట్టినట్టు మంట. తెల్లవారుజామున బాత్రూమ్ గోడకి తల ఆనించి ఏడ్చాను. మూడోదానికి వెళ్ళకూడదని అక్కడే నిర్ణయించుకున్నాను. మా ఆయన బతిమాలి తీసుకెళ్ళారు.

హాల్లో నా పక్కన అరవై దాటిన ఒకావిడ కూర్చుని ఉన్నారు. నా చేతిలో ఫైలు చూసి, "ఎన్నోది మీకు?" అన్నారు.

"మూడోది."

"నాకు పన్నెండోది. రెండోదానికి మంట పుట్టిందా?"

అంతే. ఏం జబ్బు, ఎలా వచ్చింది, ఏ స్టేజీ, ఏదీ అడగలేదు. మంట పుట్టిందా అని అడిగారు. నేను మొత్తం చెప్పేశాను. చుక్కలు, జ్వరం, దారిలో ఆపుకోలేకపోయి చీర తడిసిన సంగతి కూడా. మా ఆయనకి కూడా చెప్పనిది అది. ఆవిడ తలూపుతూ విన్నారు. ఎక్కడా "ఏం కాదు" అనలేదు. అయిపోయాక నెమ్మదిగా తన ఉపాయాలు చెప్పారు: ముందు రోజు రాత్రి నుంచి నీళ్ళు తగ్గించడం, రెండు గంటలూ పావుగంటకోసారి పక్క మార్చి పడుకోవడం, ప్యాడ్ పెట్టుకోవడానికి సిగ్గుపడకపోవడం. "జ్వరం గనక రెండో రోజుకి తగ్గకపోతే ఓర్చుకోకు, ఫోన్ చెయ్" అన్నారు. అప్పటికే నేను నువ్వు అయిపోయాను, ఆవిడ నాకు అక్క అయిపోయారు.

ఇంట్లో ఇంకొకరు కూడా ఒంటరిగా ఉన్నారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అక్క వెళ్తున్న కౌన్సిలర్ దగ్గరికి నేనూ వెళ్ళాను. క్యాన్సర్ వచ్చినవాళ్ళతోనే మాట్లాడే ఆవిడ. మూడోసారికి మీ ఆయన్ని కూడా తీసుకురండి అన్నారు. ఆ గదిలో మా ఆయన నోరు విప్పారు. ఆయన ఇరవై ఏళ్ళు సిగరెట్లు తాగారు, మానేసి తొమ్మిదేళ్ళయింది. ఈ క్యాన్సర్‌కి అన్నింటికన్నా పెద్ద కారణం పొగ తాగడమని చదివినప్పటి నుంచి, నాకు నా జబ్బు ఇచ్చింది తనేనని అనుకుంటున్నారట. నా వైపు చూడకుండా టేబుల్ మీద టిష్యూ డబ్బాని తిప్పుతూ చెప్పారు. ఏడు నెలలు నా పక్కనే పడుకుని దాన్ని మోశారు. డాక్టర్ని అడిగాం. ఒక మనిషికి ఇది ఫలానా దానివల్లే వచ్చిందని ఎవరూ తేల్చలేరన్నారు. ఆ జవాబు ఆయనకి పూర్తిగా సరిపోలేదని నాకు తెలుసు. కానీ ఇప్పుడు రాత్రి రెండింటికి నేను లేస్తే ఆయనా లేస్తారు. "ఏ రంగు?" అంటారు. "పసుపే" అంటాను. మళ్ళీ పడుకుంటాం.

అక్కకి నాలుగు నెలల క్రితం తిరగబెట్టింది. ఈసారి కండరంలోకి. బ్లాడర్ తీసేశారు. చిన్నపేగు ముక్కతో మూత్రానికి దారి చేసి, పొట్ట మీద బొడ్డుకి కుడిపక్కన చిన్న రంధ్రం పెట్టి, దానికి సంచీ తగిలించారు. నేను చూడ్డానికి వెళ్ళాలని ఎన్ని రోజులు అనుకున్నానో, వెళ్ళలేక ఎన్ని సాకులు చెప్పానో. అక్కని చూస్తే నా రేపు కనబడుతుందేమోనని భయం. ఆ మాటే ఫోన్లో చెప్పేశాను. "తెలుసు. నాకూ అలాంటి అక్క ఒకావిడ ఉండేది, నేనూ వెళ్ళలేదు" అంది. ఆ మర్నాడే వెళ్ళాను.

సంచీ మార్చే వేళకి వచ్చావంది. బయటికి వెళ్ళమంటుందేమో అనుకున్నాను. "చూస్తావా?" అంది. వెచ్చటి నీళ్ళ గుడ్డతో చుట్టూ తుడిచింది. రూపాయి బిళ్ళంత ఉంది, పెదవి లోపలి భాగంలా ఎర్రగా, తడిగా. చూస్తుండగానే ఒక చుక్క ఊరి జారింది. అక్క గుడ్డతో అద్దింది. "నొప్పి పుడుతుందా?" అన్నాను.

"దానికి స్పర్శ ఉండదు. చుట్టూ చర్మమే ఒరుసుకుంటుంది, అక్కడే మంట." కాసేపాగి అంది, "రాత్రిళ్ళు సంచీ ఊడిపోతుందేమోనని నిద్ర పట్టదు. మా పిల్లలకి చెప్పలేదు."

నేను ఏం కాదు అనలేదు. కొత్త సంచీ వెనక కాగితం ఒలిచి ఇచ్చి, అది అతుక్కునేదాకా తన చెయ్యి మీద నా చెయ్యి పెట్టి అదిమి పట్టుకున్నాను. మంగళవారం ఎన్ని గంటలకని అడిగింది. తొమ్మిదింటికి అన్నాను.