అమ్మ పన్ను, హౌస్ సర్జన్ అమ్మాయి

ఈరోజు సెలవు పెట్టి అమ్మను డెంటల్ కాలేజీకి తీసుకెళ్లాను. నిప్పట్టు కొరికినప్పుడు కింది దవడ పన్ను విరిగి, అప్పటికే ఉన్న పుచ్చు బయటపడింది. మొన్న ఓపీలో చూపిస్తే నోటి జబ్బులు చూసే ఓరల్ మెడిసిన్ విభాగం వాళ్లు షుగరు, బీపీ అన్నీ అడిగి రాసుకుని, ఎక్స్‌రే తీసి, రూట్ కెనాల్ (పంటి వేరు లోపల శుభ్రం చేసి మూసేయడం) చేయాలని వేరే విభాగానికి పంపారు. అక్కడికి వెళ్తే మళ్లీ అవే ప్రశ్నలు. ఒకసారి చెప్పిందే మళ్లీ చెప్పాలంటే పెద్దవాళ్లకు విసుగే మరి.

చంద్రగిరిలో బస్సెక్కినప్పటి నుంచీ అమ్మకు ఒకటే టెన్షన్. "చదువుకునే పిల్లోళ్లు చేస్తారంట. నేర్చుకునేదానికి నా నోరే దొరికిందా?" అంటూనే ఉంది. బయట క్లినిక్‌లో చెప్పిన ఖర్చు మేం భరించలేం కాబట్టి ఊరుకుంది.

వచ్చింది హౌస్ సర్జన్ అమ్మాయి. పంటి డాక్టరు కోర్సు బీడీఎస్‌లో నాలుగేళ్ల చదువు అయ్యాక ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటుంది, ఆ అమ్మాయి ఇప్పుడు అందులో ఉంది. "అమ్మా, టిఫిన్ తిన్నారా? షుగర్ మాత్ర వేసుకున్నారా?" అని అడిగాకే కుర్చీలో కూర్చోబెట్టింది. మత్తు సూది వేసేముందు, "ఇప్పుడు చీమ కుట్టినట్టు ఉంటుంది. కాసేపటికి సగం పెదవి, నాలుక మొద్దుబారతాయి, భయపడొద్దు. నొప్పి అనిపిస్తే చెయ్యెత్తండి, ఆపేస్తాను" అంది. అమ్మ ఒకసారి చెయ్యెత్తింది. ఆ అమ్మాయి నిజంగానే ఆపి, ఇంకాస్త మత్తిచ్చి, అది ఎక్కేదాకా ఆగింది. నాకు అక్కడే ధైర్యమొచ్చింది.

పని నెమ్మదిగానే సాగింది. ప్రాక్టీసున్న డాక్టరు త్వరగా ముగించేది ఇక్కడ చాలాసేపు పడుతుంది. కింది దవడ పెద్ద పన్నుకు మామూలుగా రెండు వేర్లు, వాటిలో మూడు సన్నటి కాలువలు ఉంటాయట. ఒక్కోదాంట్లో సూదిలాంటి ఫైలు పెట్టి, వేరు కొసకు ఎంత దూరంలో ఆగిందో ఎక్స్‌రేలో చూసుకోవాలి. ఒక్కో దశ అయ్యాక పెద్ద సార్ వచ్చి చూసి సరే అంటేనే ముందుకు పోవాలి. ఆ సార్ వేరే కుర్చీ దగ్గరుంటే అమ్మ నోరు తెరుచుకుని ఎదురుచూడాల్సిందే. దవడ లాగేస్తోందని సైగ చేసింది పాపం.

అంత సేపట్లో అమ్మ నిజంగా భయపడింది మాత్రం ఒక్క నిమిషమే. సార్ వచ్చి, ఎక్స్‌రే చూసి, అమ్మ తల మీదుగా ఇంగ్లీషులో ఏదో అనేసి వెళ్లిపోయారు. అమ్మ కళ్లు నా వైపు తిరిగాయి. అది గమనించి ఆ అమ్మాయే చెప్పింది: "ఏం లేదమ్మా, ఫైలు ఒక మిల్లీమీటరు లోపలికి వెళ్లాలట. ఇంకో ఎక్స్‌రే తీస్తాం, అంతే." ఇంత చిన్న మాట సార్ అమ్మతోనే తెలుగులో అని ఉంటే ఏం పోయేది? నాకు కోపమొచ్చింది. పెద్ద డాక్టర్లను చూసే కదా ఈ పిల్లలు నేర్చుకునేది!

టెంపరరీ ఫిల్లింగ్ పెట్టాక ఆ అమ్మాయి ఒక ఫారం తెచ్చింది. సేవలు ఎలా ఉన్నాయో చెప్పమని. అది ఇంగ్లీషులో ఉంది. తనే ఒక్కో ప్రశ్న చదివి చెబుతుంటే, సగం పెదవి కదలని అమ్మ అన్నిటికీ తలూపింది. ఎంతసేపు కాచుకున్నారన్న దానికి కూడా 'చాలా బాగుంది' అనే టిక్కు పడింది. పొద్దున టోకెన్ తీసుకుంటే కుర్చీ దొరికింది మధ్యాహ్నం!

"అదేంటమ్మా అట్లా చెప్పావ్?" అని బస్సులో అడిగితే, "ఆ పిల్లకు మార్కులు తగ్గిస్తారేమో" అంది. వైద్యం చేసిన మనిషే ఎదురుగా నిలబడి అడిగితే ఏ తల్లి బాగాలేదంటుంది? అలాంటి కాగితాలన్నీ కూడితే అందరూ సంతోషంగా ఉన్నారనే లెక్క తేలుతుంది. ఇంకెన్ని సిట్టింగులు పడతాయో ముందే చెప్పలేదన్నది గానీ, తర్వాత పన్ను మీద తొడిగే క్యాప్‌కు విడిగా డబ్బులు కట్టాలని చివర్లో తెలిసిందన్నది గానీ ఆ లెక్కలోకి రాదు. ఆ అమ్మాయి చెప్పి చేసిన తీరు ఎంత గొప్పదో కూడా రాదు, దాని గురించి ప్రశ్నే లేదు మరి.

సాయంత్రానికి మొద్దు వదిలింది. "సంగటి మింగేదే కదా, దానికి పంటితో పనేముంది" అని అమ్మ నిమ్మళంగా తింది. గురువారం మళ్లీ వెళ్లాలి. ఫారం తెలుగులో ఉండాలని, దాన్ని ఓపీ కౌంటర్ దగ్గర ఇవ్వాలని ఒక కాగితం మీద రాసి ఇస్తానన్నాను. అమ్మ ఒప్పుకుంది. "ముందు ఆ పిల్ల బాగా చేసిందని రాయి. ఆ తర్వాత నీ ఇష్టం" అంది. అలాగే మొదలుపెట్టి రాస్తున్నాను.