బరువు నార్మల్, గుండె కాదు

మొదట చూపించుకున్న డాక్టరు నా బరువు చూసి, “నార్మల్‌కి వచ్చావమ్మా, ఇదే మెయింటైన్ చెయ్యి” అన్నారు. కళ్లు తిరుగుతున్నాయని, జుట్టు రాలిపోతోందని, నెలసరి ఆగిపోయిందని చెప్పుకోవడానికి వెళ్లినదాన్ని నేను. ఆయన నాడి కూడా పట్టుకోలేదు. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో లెక్క చూసి పంపించేశారు. 1830లలో బెల్జియం గణిత శాస్త్రవేత్త కెట్లే మనుషుల సగటు కొలతలు తెలుసుకోవడానికి కట్టిన లెక్క అది. ఎదురుగా కూర్చున్న మనిషి గుండె ఎలా కొట్టుకుంటోందో అది ఎలా చెబుతుంది?

చిన్నప్పటినుంచి నేను లావే. అందుకే తగ్గుతుంటే అందరూ మెచ్చుకున్నారు. “ఏం చేస్తున్నావో మాకూ చెప్పు” అన్నారు. నేను చేస్తున్నది తినకపోవడం. అద్దంలో మాత్రం పాత ఒళ్లే కనిపించేది. నా జబ్బు పేరు అనొరెక్సియా, లావైపోతానన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు. అది ఉన్నవాళ్లు ఎముకల గూడులా కనిపిస్తారని అందరూ అనుకుంటారు. బరువు మామూలుగా కనిపిస్తూనే ఈ జబ్బు ఉండొచ్చని మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం డీఎస్ఎం-5 (2013) రాసింది. వేగంగా బాగా తగ్గినవాళ్లకు కూడా గుండె కొట్టుకునే వేగం తగ్గిపోవచ్చు, ఒంట్లో పొటాషియం, ఫాస్ఫేట్ లాంటి లవణాలు పడిపోవచ్చు.

స్నానాల గదిలో పడిపోయాక ఆస్పత్రిలో చేర్చారు. పరీక్షల సంగతి వదిలేస్తాను. ఒక్క రాత్రి మాత్రం చెప్పాలి. కన్ను మూతపడితే చాలు, నాడి మరీ పడిపోయి మానిటర్ మోగేది. పొటాషియం తక్కువగా ఉంది. ఆహారం మొదలుపెట్టాక ఫాస్ఫేట్ కూడా పడిపోయింది. చాలాకాలం మాడిన ఒంటికి ఒక్కసారిగా తిండి అందితే ఇన్సులిన్ పెరుగుతుందనీ, రక్తంలోని ఫాస్ఫేట్‌ను కణాలు లాగేసుకుంటాయనీ, గుండె లయ తప్పొచ్చనీ డ్యూటీ డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి ఓపికగా చెప్పారు. పోతానేమోనని వణికిపోయాను. అదే క్షణంలో, చేతికి ఎక్కుతున్న గ్లూకోజులో ఎన్ని కేలరీలున్నాయోనని లెక్క వేస్తున్నాను. ఆ రెండు భయాల్లో ఏది పెద్దదో నాకే తెలియలేదు. నర్సక్క తెల్లారేదాకా వస్తూ పోతూ, మానిటర్ మోగినప్పుడల్లా నా భుజం తట్టి లేపింది. ఆమె రుణం తీరదు.

మర్నాడు చూడటానికొచ్చిన బంధువు ఒకావిడ, “తినడానికి కూడా ఆస్పత్రి కావాలా? అంతా పొగరు” అంది. ఆ మాట ఇంకా మండుతోంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది మగవాళ్లు స్వచ్ఛందంగా ఆరు నెలలపాటు అర్ధాకలితో గడిపారు. ఎప్పుడూ తిండి గురించే ఆలోచించారు, వంటల పుస్తకాలు చదివారు, నలుగురిలోకి రావడం మానేశారు, దిగులులో కూరుకుపోయారు. ఆకలి మనిషి బుద్ధిని అలా మార్చేస్తుంది. పొగరు ఎక్కడుంది ఇందులో?

ఇంటికొచ్చాక నన్ను నిలబెట్టింది అక్క. సైకియాట్రిస్టు, డైటీషియన్ చెప్పినట్టు ప్రతి పూటా నా ఎదురుగా కూర్చుని తినేది. తిన్నాక కూడా గంటసేపు కదిలేది కాదు, ఎందుకంటే అపరాధభావం ముంచెత్తేది అప్పుడే. బతిమాలలేదు, బెదిరించలేదు. “కష్టంగా ఉందని తెలుసు, నేనిక్కడే ఉంటాను” అనేది, తర్వాత వేరే కబుర్లు చెప్పేది. నేను కంచం తోసేసిన రోజున కూడా అదే మాట. థెరపిస్టు అద్దం ముందు నిలబెట్టి, నీ ఒంటిని ప్రేమించు అనలేదు. మంచీ చెడ్డా అనకుండా కనిపించేది కనిపించినట్టు చెప్పమన్నారు. అది చాలా నెమ్మదిగా పనిచేసింది.

మీ ఇంట్లో ఇలాంటివాళ్లుంటే దయచేసి “ఒళ్లు చేశావు, బాగున్నావు” అనకండి. కోలుకుంటున్నవాళ్లకు ఆ మాట మళ్లీ తినడం మానేయడానికి చాలు. సన్నబడితే మెచ్చుకోకండి. డాక్టరు బరువు ఒక్కటే చూస్తే ఈసీజీ, పొటాషియం, ఫాస్ఫేట్ పరీక్షలు అడగండి, పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ నాడి, బీపీ చూడమనండి. స్పృహ తప్పితే, గుండె దడగా ఉంటే ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

నెలసరి తిరిగి వచ్చింది. ఎముకల సాంద్రత మాత్రం తగ్గింది, పూర్తిగా కోలుకోకపోవచ్చన్నారు. దేవుడి దయ వల్లే బతికానంటుంది అమ్మ. కాదనను, నేనూ దణ్ణం పెట్టుకుంటాను. కానీ ఆ దయ కొన్ని నెలల ముందు ఆ మొదటి డాక్టరు చేత నా నాడి పట్టించి ఉంటే, ఈ ఎముకలు కూడా దక్కేవి.