పాలకూరలో కాల్షియం ఎంత, ఒంటికి అందేది ఎంత?

మా అక్కకూ నాకూ కొన్నాళ్లుగా నడుస్తున్న వాదన ఇది. నాకు పాలు పడవు. కాఫీలో పోసుకునే కాసిని పాలకే కడుపు ఉబ్బరం మొదలవుతుంది. పెరుగుతో మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఎముకల సంగతి ఇప్పటినుంచే చూసుకోమని డాక్టరు హెచ్చరించాక సోయా పాలు అలవాటు చేసుకున్నాను. నిజామాబాద్‌లో ఉండే అక్కకు ఇది ససేమిరా నచ్చలేదు. "పెరట్లో పాలకూర పెట్టుకుని డబ్బా పాలు కొంటావా? ఆకుకూరలో లేని కాల్షియం అందులో ఏముందే?" అని ఫోను చేసినప్పుడల్లా దెప్పుతుంది. తమాషా ఏమిటంటే, తెలంగాణలో సోయా పండేది వాళ్ల వైపే. ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల్లో అది వానాకాలం పంట. చేతికొచ్చిన గింజలు నేరుగా మార్కెట్‌కు పోతాయి. ఇంట్లోకి తిరిగి వస్తే మీల్ మేకర్‌గానే వస్తాయి.

అక్క మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చు వేసిన ఆహార పట్టికలు చూసినా, విదేశాల పట్టికలు చూసినా, 100 గ్రాముల పచ్చి పాలకూరలో 80 నుంచి 100 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఏమీ కలపని సోయా పాలలో అదే తూకానికి పాతిక మిల్లీగ్రాములు ఉంటే గొప్ప. అంకెలు పక్కపక్కన పెడితే పాలకూరే గెలిచింది. అక్క వాదన ఇక్కడితో ఆగిపోతుంది.

నేను పనిచేసేది జీతాల సెక్షన్‌లో. పే స్లిప్పులో పైన రాసిన మొత్తం చూసి ఎవరూ ఇంటి అద్దె లెక్క వేసుకోరు, కోతలన్నీ పోగా చేతికొచ్చేది చూస్తారు. పాలకూరలో ఆ కోత పేరు ఆక్సలేట్. పాలకూర తిన్న తర్వాత పళ్ల మీద గరుగ్గా, సుద్ద రుద్దినట్టు అనిపిస్తుంది చూడండి, అది దాని పనే. ఈ ఆక్సలేట్ కాల్షియాన్ని గట్టిగా పట్టేసుకుని, నీటిలో కరగని ముద్దగా మార్చేస్తుంది. అది పేగుల్లోంచి అలాగే బయటికి వెళ్లిపోతుంది. అమెరికాలో రాబర్ట్ హీనీ, కోనీ వీవర్ అనే పరిశోధకుల బృందం కాల్షియానికి ఆనవాలు పెట్టి మరీ పాలకూరను పెంచి, మనుషులకు తినిపించి కొలిచింది. 1988లో వాళ్లు ప్రచురించిన లెక్క ప్రకారం పాలలోని కాల్షియంలో 27, 28 శాతం ఒంటికి అందితే, పాలకూరలోది అందింది సుమారు 5 శాతం. అంటే 100 గ్రాముల పాలకూర తింటే మనకు దక్కేది 5 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లు రోజుకు తీసుకోవలసిన కాల్షియం 1000 మిల్లీగ్రాములని పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. ఆ మొత్తంలోనూ కోత ఉంటుందనుకోండి, అయినా ఇంత అన్యాయంగా ఉండదు.

ఆకుకూరలన్నీ ఇంతేనా అంటే కాదు. మెంతికూరలో కాల్షియం పాలకూరలో కంటే ఎక్కువ, ఆక్సలేట్ చాలా తక్కువ. అక్క పెరట్లో పాలకూర బదులు మెంతికూర పెట్టుకుని ఉంటే నేను ఈ వాదనలో ఓడిపోయేదాన్నేమో!

ఇక సోయా పాల వైపు వద్దాం. డబ్బాలో దొరికే వాటిలో చాలావాటికి తయారుచేసేవాళ్లే కాల్షియం కలుపుతారు. అలాంటిదైతే గ్లాసుకు 250 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుంది. కలిపింది కాల్షియం కార్బోనేట్ అయితే ఆవుపాలలోది అందినంతగానే అందుతుంది, ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అయితే కొంచెం తగ్గుతుంది. కాబట్టి డబ్బా వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవాల్సిందే. ఇంకో సంగతి: ఈ కలిపిన కాల్షియం అడుగున పేరుకుంటుంది. ఒకసారి ఖాళీ డబ్బాను కత్తెరతో కోసి చూశాను. అడుగు మూలల్లో తెల్లటి సన్నటి మడ్డి, వేలితో రాస్తే సున్నంలా తగిలింది. డబ్బు పోసి కొన్నదంతా అక్కడే ఉంది. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరైనా డబ్బా ఊపకుండా గ్లాసులో వంచితే నేను ఊరుకోను.

ఇంట్లో చేసుకునే సోయా పాలు స్వచ్ఛమైనవని, అందుకే మేలైనవని చాలామంది అంటారు. రుచికి మేలే, ఖర్చుకూ మేలే. కాల్షియానికి మాత్రం కాదు. గింజల్లో ఉన్నదే కొంత, అందులో మళ్లీ కొంత పిప్పిలోకి పోతుంది. గ్లాసుకు 50 మిల్లీగ్రాముల చుట్టుపక్కల మిగులుతుందంతే. అయినా ఆదివారాల్లో నేను చేస్తాను, ఎందుకంటే వేడివేడిగా అప్పుడే వడకట్టిన పాలకు డబ్బా పాలు సాటి రావు.

రాత్రి నానబెట్టిన గింజల్ని తెల్లవారి నీళ్లలో వేసి రెండు చేతులా పిసికితే పొట్టు ఊడి పైకి తేలుతుంది. దాన్ని ఒంపేసి, బాగా మరిగిన నీళ్లు పోస్తూ రుబ్బాలి. చన్నీళ్లతో రుబ్బితే గింజలోని ఒక ఎంజైము నూనె మీద పనిచేసి పచ్చి చిక్కుడు వాసన పుట్టిస్తుంది. చాలామంది ఒక్కసారి తాగి ముఖం తిప్పుకునేది ఆ వాసనకే. పల్చటి బట్టలో పిండిన పాలు పొయ్యి మీద పెట్టాక పక్కకు కదలకూడదు. అసలు మరగకముందే నురగ గిన్నె అంచు దాకా వచ్చేస్తుంది, మరిగిందనుకుని దించేయకూడదు. మంట తగ్గించి, నురగ అణిగాక, గరిటెతో తిప్పుతూ మరో పావుగంట మరగనివ్వాలి. పచ్చి సోయాలో మాంసకృత్తుల జీర్ణానికి అడ్డుపడే పదార్థం ఉంటుంది, అది వేడికే చస్తుంది. మిగిలిన పిప్పిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త బియ్యప్పిండి కలిపి అట్లు పోస్తే మా ఇంట్లో పాల కంటే అవే ముందు అయిపోతాయి.

మాంసకృత్తుల దగ్గరికొస్తే పోలికే లేదు. గ్లాసు సోయా పాలలో 7 గ్రాములు ఉంటాయి, నాణ్యతలోనూ అవి ఆవుపాలవాటికి దగ్గరే. "కేలరీల లెక్కన చూస్తే పాలకూరలోనే మాంసకృత్తులు ఎక్కువ" అని మా ఆఫీసులో ఒకాయన గట్టిగా వాదిస్తాడు. లెక్క తప్పు కాదు. కానీ ఆ లెక్కన 50 గ్రాములు రావాలంటే రెండు కిలోల పాలకూర తినాలి. ఆయన టిఫిన్ డబ్బాలో పట్టేది నాకు తెలుసు.

అలాగని పాలకూరను తీసిపారేస్తే అది పాపం. ఫోలేట్ అనే బి విటమిన్ 100 గ్రాములకు 190 మైక్రోగ్రాములకు పైనే, విటమిన్ కె ఒక పూటకే రోజు అవసరాన్ని దాటేంత, విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ దండిగా. ఈ వరసలో సోయా పాలు దరిదాపుల్లోకి రావు. బీటా కెరోటిన్ ఒంటబట్టాలంటే నూనె కావాలి, పాలకూర పప్పు మీద నేతి తాలింపు అందుకు చాలు. ఇనుము విషయంలో మాత్రం పాలకూరకు ఉన్న పేరు పెద్దది, పని చిన్నది. 100 గ్రాములకు 3 మిల్లీగ్రాముల లోపే, అందులోనూ అందేది కొద్దిగా. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. పప్పులో నిమ్మరసం పిండుకుంటే కొంత నయం, భోంచేసిన వెంటనే టీ తాగితే ఆ కొంతా పోతుంది. సోయా పాలలోనూ ఇనుము స్వల్పమే.

పాలకూరలో టమాటా వేస్తే కిడ్నీలో రాళ్లు వస్తాయని అక్క నమ్మకం. రాళ్లకు దారితీసే ఆక్సలేట్ టమాటాలో నామమాత్రం, ఉన్నదంతా పాలకూరదే. రాళ్ల బాధ ఉన్నవాళ్లు టమాటాను నిందించి పాలకూరను తింటే ఏం లాభం? ఆకు ఉడికించి నీళ్లు వంపేస్తే ఆక్సలేట్ చాలావరకు తగ్గుతుంది, దానితోపాటు ఫోలేట్, విటమిన్ సి కూడా కొంత కొట్టుకుపోతాయి. మా ఇంట్లో ఎవరికీ రాళ్లు లేవు కాబట్టి నేను నీళ్లు పారబొయ్యను. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు పాలకూరను ఒక వారం కుప్పలుగా తిని మరో వారం మానేయడం మంచిది కాదు, విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది.

అక్క ఈ మధ్య మెత్తబడింది. వాళ్ల చేను గింజలే ఒక సంచి పంపి, తనూ పాలు చేయడం మొదలుపెట్టింది. కాకపోతే ఆమెకు థైరాయిడ్ ఉంది, పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుంటుంది. ఆ మాత్రను సోయా సరిగ్గా ఒంటబట్టనివ్వదు, అందుకే డాక్టరును అడిగి, సోయా పాలను సాయంత్రం నాలుగింటి టీ వేళకు మార్చుకుంది. టీ మాత్రం మానలేదు.