ఎలుక గొంతు నుంచి సొంత గొంతుకి

మా అమ్మాయి ఏడో తరగతిలో చేరిన రెండో నెలలో క్లాస్ టీచర్ నన్ను రమ్మన్నారు. "మార్కులకేం ఢోకా లేదండీ. కానీ నోరు విప్పదు. జవాబు తెలిసినా చెయ్యెత్తదు. పేరు పెట్టి లేపితే 'తెలీదు మేడమ్' అనేసి కూర్చుంటుంది" అన్నారు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల! నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇంటికొచ్చి అడిగితే చాలాసేపు ఏమీ చెప్పలేదు. రాత్రి పడుకునే ముందు, గోడవైపు తిరిగి చెప్పింది. పాఠం పైకి చదువుతూ ఒక పదం తప్పుగా పలికిందట. క్లాసంతా నవ్వారట. వారం రోజులపాటు ఆ పదాన్నే తన పేరు చేసి పిలిచారట.

ఐదో తరగతి దాకా ఇదే పిల్ల స్టేజీ ఎక్కమంటే ముందుండేది. ఈ వయసులో ఏదో మారుతుంది. ఎవరో ఎప్పుడూ తమనే చూస్తున్నట్టు, తమ తప్పులే లెక్కపెడుతున్నట్టు అనిపిస్తుంది. డేవిడ్ ఎల్కిండ్ అనే మనస్తత్వవేత్త 1967లోనే దీని గురించి రాశారు. ఈ ఈడు పిల్లలు లేని ప్రేక్షకుల్ని ఊహించుకుని వాళ్ల ముందు బతుకుతుంటారని ఆయన చెప్పిన మాట. మా అమ్మాయి విషయంలో ప్రేక్షకులు ఉత్త ఊహ కూడా కాదు, నిజంగానే నవ్వారు.

నేను మొదట చేసింది అందరు అమ్మలూ చేసేదే. "నువ్వెంత తెలివైనదానివో నీకు తెలుసా?" అని రోజుకి పదిసార్లు చెప్పడం. నాలుగోరోజు అది నావైపు చూసి, "నువ్వు అమ్మవి కదా, అలాగే అంటావు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

తర్వాత యాప్‌ల మీద పడ్డాను. పిల్లల్లో ఆత్మవిశ్వాసం పెంచుతామని చెప్పుకునేవి బోలెడున్నాయి. మొదట పెట్టింది రోజూ కొన్ని వాక్యాలు పైకి చదివించే యాప్. "నేను ధైర్యవంతురాలిని", "నన్ను నేను ఇష్టపడతాను", ఇలాంటివి. చదివితే తెరమీద పువ్వులు రాలతాయి. మూడురోజులు చదివింది. నాలుగోరోజు ఫోన్ తిరిగిచ్చేస్తూ, "అమ్మా, ఇది నన్ను చూడకుండానే బాగున్నావంటోంది" అంది. పన్నెండేళ్ల పిల్లకి ఉన్న తెలివి నాకు లేకపోయింది అనుకున్నాను.

రెండోది లెక్కలు, పదాలతో ఆడించే క్విజ్ యాప్. ఇది మొదట్లో బ్రహ్మాండంగా పనిచేసింది, లేదా పనిచేసిందని నేను అనుకున్నాను. పది రోజుల్లో బ్యాడ్జీలు కుప్పలుగా వచ్చాయి. నేను మా ఆయనకి చూపించి మురిసిపోయాను కూడా. ఒకరోజు పక్కన కూర్చుని చూస్తే సంగతి బయటపడింది. అది ఆడుతున్నవన్నీ నాలుగో తరగతి స్థాయి ప్రశ్నలు. "పెద్దవి ఆడితే తప్పులొస్తాయి, తప్పొస్తే వరస తెగిపోతుంది" అని లెక్క చెప్పింది. నేను బలవంతం మీద స్థాయి పెంచాను. ఆ వారం చివర యాప్ ఒక పట్టిక చూపించింది. ముక్కూమొహం తెలియని పిల్లల మధ్య మా అమ్మాయి పేరు అట్టడుగున, పక్కన కిందికి దిగుతున్న ఎర్ర బాణం. ఫోన్ బోర్లా పెట్టి, "ఇక్కడ కూడానా" అంది.

ఆ రెండు మాటలు నన్ను చాలా రోజులు వదల్లేదు. యాప్ తీసేశాను.

నాకో స్నేహితురాలు ఉంది, ఈ వయసు పిల్లలకే కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. జరిగిందంతా విని నాకు చక్కగా క్లాసు పీకింది. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఐదో తరగతి పిల్లలతో ఒక ప్రయోగం చేశారట. కొన్ని పజిళ్లు చేయించి, కొందరిని "తెలివైనవాళ్లు" అని, కొందరిని "బాగా కష్టపడ్డారు" అని మెచ్చుకున్నారు. తెలివైనవాళ్లు అనిపించుకున్న పిల్లలు తర్వాత కష్టమైన పజిల్ ముందు త్వరగా చేతులెత్తేశారు. కష్టపడ్డారని మెచ్చుకున్న పిల్లలకంటే వీళ్లలోనే ఎక్కువమంది తమ స్కోరు పెంచి కూడా చెప్పుకున్నారు. "ఆ బిరుదు పోతుందని భయం. మీ అమ్మాయి సులువు ప్రశ్నలే ఏరుకుంది అందుకే" అంది. బిరుదు తగిలించింది నేనే కాబట్టి నోరు మూసుకుని విన్నాను.

అప్పుడే ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వవేత్త గురించీ చెప్పింది. ఒక పని తనవల్ల అవుతుందన్న నమ్మకం ఎక్కడినుంచి వస్తుందో ఆయన 1977లో నాలుగు దారులుగా రాశారు. ఒకటి, తన చేత్తో చేసి నెగ్గిన అనుభవం. రెండు, తనలాంటి ఇంకొకరు చేయడం చూడడం. మూడు, నీవల్ల అవుతుందని ఎవరైనా చెప్పడం. నాలుగు, ఆ క్షణంలో ఒంటికి ఎలా ఉందన్నది, అంటే గుండెదడ, చేతుల వణుకు, టెన్షన్. వీటిలో మొదటిదే అన్నిటికంటే గట్టిది. నేనేమో మూడోదాన్ని పట్టుకుని వేలాడుతున్నాను, నేను ఎంచుకున్న యాప్‌లూ అంతే. "పొగిడే యాప్ వద్దు. ఏదైనా తయారు చేయించే యాప్ పెట్టు. తప్పయితే తనకి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు" అని తేల్చేసింది.

అలా స్క్రాచ్ మా ఇంట్లోకి వచ్చింది. అమెరికాలో ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయపు మీడియా ల్యాబ్ వాళ్లు చేసి 2007లో అందరికీ విడుదల చేసిన ఉచిత సాధనం ఇది. ముఖ్యంగా 8 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసం. కోడ్ టైప్ చేయక్కర్లేదు. రంగురంగుల దిమ్మెల్ని ఒకదాని కింద ఒకటి తగిలిస్తే తెరమీద బొమ్మ కదులుతుంది, మాట్లాడుతుంది. పచ్చజెండా నొక్కితే మొదలు. మార్కుల్లేవు, పట్టికల్లేవు. దిమ్మెలు తప్పుగా తగిలిస్తే నవ్వదు, ఎర్రగీత కొట్టదు. బొమ్మ మనం చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, అంతే. పిల్లి గోడలోకి దూరిపోతే, దూరమని మనమే చెప్పామన్నమాట.

మొదటి ఆట బంతితో. బంతి పడుతుంటే పళ్లెం జరిపి పట్టాలి. సాయంత్రానికి తయారైంది. రెండోసారి ఆడితే స్కోరు 0 నుంచి కాకుండా పాత 14 నుంచి మొదలైంది. "అమ్మా!" అని కేక. నేను వెళ్లి చూశాను. నాకూ తెలియలేదు. నిజానికి అదే మేలైంది. నాకు తెలిసుంటే ఒక్క ముక్కలో చెప్పేసి దాని చేతిలోంచి ఆ గెలుపు లాగేసుకునేదాన్ని. ఇద్దరం నేలమీద కూర్చుని, "స్కోరుకి 0 అని ఎవరు చెబుతున్నారు?" అని వెతికాం. ఎవరూ చెప్పట్లేదు. జెండా నొక్కగానే స్కోరుని 0 చేయమనే దిమ్మె పెట్టాలని అదే కనిపెట్టింది. స్కోరు 0 అయిన క్షణంలో దాని మొహం చూడాలి. బ్యాడ్జీలు కుప్పలుగా వచ్చినప్పుడు ఆ మొహం నేను చూడలేదు.

ఆ రాత్రి ఒక పాత నోట్‌బుక్ తీసి లెక్క రాయడం మొదలుపెట్టాను. ఎన్ని ఆటలు చేసిందీ, ఎంత నేర్చుకుందీ అని కాదు. ఎక్కడైనా ఆగిపోతే నన్ను పిలవడానికి ఎన్ని నిమిషాలు పడుతోంది, ఆ ఒక్కటే. మొదటివారం 2, 3 నిమిషాలు. నెలాఖరుకి 10 దాటింది. ఒకసారి 25 నిమిషాలు తనలో తాను గొణుక్కుంటూ కూర్చుంది, పిలవనే లేదు. ఆత్మవిశ్వాసాన్ని కొలిచే ప్రశ్నావళులు చాలా ఉన్నాయి కానీ నాకు ఈ కొలతే నచ్చింది. ఇందులో పిల్లని ఏమీ అడగక్కర్లేదు.

మధ్యలో ఒక దెబ్బ తగిలింది, అది పూర్తిగా నా తప్పు. స్క్రాచ్‌ని ఖాతా లేకుండానే వాడుకోవచ్చు. ఆన్‌లైన్లో పేరూ ఊరూ ఇవ్వడం ఇష్టంలేక నేనూ అలాగే పెట్టించాను. కానీ ఖాతా లేనప్పుడు చేసిన పనిని మనమే కంప్యూటర్లోకి దింపి దాచుకోవాలని దానికి చెప్పలేదు. రెండు రోజులు కూర్చుని చేసిన ఆట, నేను ఏదో చూసుకోవడానికి బ్రౌజర్ మూసేసరికి పోయింది. హెచ్చరిక వచ్చే ఉంటుంది, నేను చదవకుండా నొక్కేశాను. పిల్ల ఏడుపు ఆపలేకపోయాను. ఇక మానేస్తుందనుకున్నాను. మర్నాడు సాయంత్రం దానంతట అదే కూర్చుంది. గంట కాకుండానే మొత్తం మళ్లీ కట్టేసింది. "ఈసారి దిమ్మెలు సగమే పట్టాయి" అంది, ఏదో రహస్యం చెబుతున్నట్టు. నేను పెట్టిన ఏ యాప్ కూడా ఆ పాఠం చెప్పలేదు, నా మతిమరుపు చెప్పింది. అందుకని అందరూ పిల్లల పని పోగొట్టండి అనట్లేదు. ఆ రోజు నుంచి ప్రతిసారీ ఫైలు దాచాకే లేస్తున్నాం.

ఇక అసలు విషయం, గొంతు.

రెండో నెలలో కథలు చెయ్యడం మొదలుపెట్టింది. రెండు బొమ్మలు మాట్లాడుకుంటాయి, అక్షరాల్లో. స్క్రాచ్‌లో మైకుతో గొంతు రికార్డు చేసి బొమ్మకి పెట్టొచ్చు. ఆ మీట దానికి కనిపించింది. ఒక వాక్యం చెప్పి విని, ఉలిక్కిపడి చెరిపేసింది. "నా గొంతు ఇంత ఛండాలంగా ఉంటుందా?" రికార్డులో మన గొంతు మనకే పరాయిదిలా వినిపిస్తుంది. మాట్లాడేటప్పుడు మన గొంతు గాలిలోంచే కాదు, పుర్రె ఎముకల గుండా కూడా చెవికి చేరుతుంది, అందుకే లోపలినుంచి కాస్త నిండుగా ఉంటుంది. రికార్డులో ఆ ఎముకల వాటా ఉండదు. ఈ సంగతి చెప్పి, నా గొంతూ రికార్డు చేసి వినిపించాను. నేనూ మొహం చిట్లించేసరికి నవ్వింది.

అయినా సొంత గొంతు పెట్టలేదు. గొంతుని సన్నగానో బొంగురుగానో మార్చే 'పిచ్' దిమ్మె వెతుక్కుని అందులో 100 అని పెట్టింది. అలా పెంచితే గొంతు సన్నబడడమే కాదు, మాట కూడా పరుగెడుతుంది. ఎలుక మాట్లాడినట్టుంటుంది. ఆ ఎలుక గొంతుతో మాత్రం ఎంత మాట్లాడిందో! క్లాసులో నోరు విప్పని పిల్ల, ఎలుకై తోటలోని పిల్లిని దులిపేసింది. తప్పు పలికితే మళ్లీ రికార్డు చేసేది, ఆరుసార్లు, ఏడుసార్లు. ఎవరూ వినని తప్పులు కదా. టెన్షన్ లేకుండా మాట్లాడడం దాని నోటికి అలవాటు పడుతోందని నాకు తర్వాతెప్పుడో తట్టింది, బందూరా నాలుగో దారి.

నేను కల్పించుకోలేదు. 100 ఎందుకు అని అడగలేదు. ప్రతి కథా అయ్యాక "ఇదెలా చేశావు?" అనే అడిగేదాన్ని. లోపల దిమ్మెలు చూపిస్తున్నప్పుడు ఆ అంకె నా కంట్లో పడేది. ఒక కథలో 100, తర్వాత 80. కుందేలుకి 60. ఒక ముసలి చెట్టుకి ఏకంగా మైనస్ 40. మూడో నెలలో ఒక అమ్మాయి బొమ్మ వచ్చింది. దానికి పిచ్ దిమ్మే లేదు. గొంతు అచ్చం దానిదే. నేను ఏమీ గమనించనట్టు, చివర్లో తలుపు ఎలా తెరుచుకుందని అడిగాను.

స్కూల్లో చూపించాలనే ఆలోచన టీచర్‌ది. నేను ముందు ఒక్కటే అడిగాను, మొత్తం క్లాసు ముందు వద్దు, నలుగురైదుగురి ముందు చాలని. ఆవిడ ఒప్పుకున్నారు, ఆ విషయంలో ఆవిడకి రుణపడి ఉన్నాను. కథ ఆడుతుంటే ఒక పిల్లాడు "ఆ ఎలుక పిల్లి చుట్టూ ఎలా తిరుగుతోంది?" అని అడిగాడట. మా అమ్మాయి లేచి, లోపలి దిమ్మెలు తెరిచి, పది నిమిషాలు చెప్పిందట. టీచర్ ఫోన్ చేసి ఆ సంగతి చెప్పినప్పుడు నేను ఎదురుచూసింది ఒకటి, విన్నది ఇంకొకటి. తన గురించి కాదు, తనకి బాగా తెలిసిన ఒక వస్తువు గురించి మాట్లాడింది. అందరి చూపూ ఎలుక మీద ఉంది, మా అమ్మాయి మీద కాదు. తర్వాత ఆ పిల్లాడూ స్క్రాచ్ మొదలుపెట్టాడు. ఎక్కడైనా ఆగిపోతే మా అమ్మాయినే అడుగుతున్నాడు.

ఇదంతా చదివి పిల్ల పూర్తిగా మారిపోయిందనుకోకండి. లెక్కల క్లాసులో ఇప్పుడు "నాకు అర్థం కాలేదు మేడమ్" అంటుందట, అది పెద్ద విషయమే. పాఠం పైకి చదవమంటే మాత్రం ఇంకా గొంతు పూడుకుపోతుంది. కొత్తవాళ్లతో కలవడమూ అంతంతే. నమ్మకం నీళ్లలా ఒకచోట పోస్తే అంతటా పాకేది కాదని తెలిసొచ్చింది. ఒక పనిలో వచ్చింది ఆ పనిలోనే ఉంటుంది, పక్కదానికి చేరడానికి చాలా టైమ్ పడుతుంది. ఎన్నాళ్లని నన్ను అడగొద్దు.

స్క్రాచ్‌లో తను చేసినవి బయటి ప్రపంచానికి చూపించడం గురించి మా ఇద్దరికీ ఇంకా వాదన నడుస్తూనే ఉంది. స్క్రాచ్‌లో ఇతరులు పంచిన ఆటల లోపలికి వెళ్లి చూడొచ్చు, మార్చి తనదిగా చేసుకోవచ్చు. దాన్ని నేను మొదటినుంచీ ప్రోత్సహించాను, తన వయసు పిల్లలే చేశారని తెలిస్తే ఆ ధైర్యమే వేరు. తనవి పంచడానికి మాత్రం మొన్నే ఒప్పుకున్నాను. ఖాతా తెరిచాం, అసలు పేరు లేకుండా. కామెంట్లు ఆపేశాం. "ఎన్ని లైకులొచ్చాయి?" అని అది అడగడం మొదలుపెట్టిన రోజున మళ్లీ ఆలోచిస్తానని ముందే చెప్పాను. "నువ్వే ముందు చూస్తావులే" అంది. నిజమే, రెండుసార్లు చూశాను.

ప్రస్తుతం ఏదో పెద్దది చేస్తోంది. ఏమిటంటే చెప్పదు. "అయ్యాక చూపిస్తాలే" అని తెర అటు తిప్పేసుకుంటుంది. నా నోట్‌బుక్‌లో చివరి లెక్క రాసి మూడు వారాలైంది.