గొంతు లేని ఏడు నెలలు, రోజర్ ఎబర్ట్

మెడ మీద చిన్న ఉబ్బు ఉందని ముందు చూసింది మా ఆవిడ. గడ్డం గీసుకుని తువ్వాలు కోసం తలెత్తాను, అప్పుడు కనబడిందట. "ఏమండీ, ఓసారి గుటక వేయండి" అంది. వేశాను. ఉబ్బు కూడా పైకెళ్ళి కిందికొచ్చింది. థైరాయిడ్ గడ్డలు అలాగే కదులుతాయని తర్వాత డాక్టర్ గారు చెప్పారు గానీ, ఆ నిమిషంలో నాకు గుర్తొచ్చింది మాత్రం రోజర్ ఎబర్ట్. ఎక్కడి షికాగో, ఎక్కడి మా విశాఖ మద్దిలపాలెం! సినిమా పిచ్చోళ్ళకి జబ్బులు కూడా సినిమా వాళ్ళ వల్లే తెలుస్తాయి మరి.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎబర్ట్ షికాగో సన్-టైమ్స్ పత్రికలో 1967 నుంచి 2013లో చనిపోయేదాకా సినిమాల మీద రాశాడు. 1975లో పులిట్జర్ బహుమతి వచ్చింది, సినిమా విమర్శకుడికి అది రావడం అదే మొదటిసారి. టీవీలో జీన్ సిస్కెల్‌తో కూర్చుని బొటనవేలు పైకో కిందికో చూపించే మనిషిగానే ఎక్కువమందికి తెలుసు. నాకు దొరికింది మాత్రం జగదాంబ జంక్షన్ దగ్గర ఒక నెట్ సెంటర్‌లో, డిగ్రీ చదివే రోజుల్లో. ఏదో ఇంగ్లీషు సినిమాకి డబ్బులు పెట్టొచ్చా లేదా అని వెతికితే ఆయన రివ్యూ వచ్చింది, గంటకి డబ్బు కట్టి కూర్చున్నవాణ్ణి ఆ గంటంతా ఆయన్నే చదివాను. సినిమాకి వెళ్ళలేదు, డబ్బులు అక్కడే అయిపోయాయి.

ఆయన దగ్గర నేను పట్టుకున్న సూత్రం ఒకటే: సినిమా దేని గురించి తీశారన్నది కాదు, ఎలా తీశారన్నది చూడు. దాన్ని యూనివర్సిటీ గేటు బయట టీ కొట్టు దగ్గరకి కర్రలా పట్టుకుపోయాను. ఎవడు ఏ సినిమా బాగుందన్నా ఆ కర్రతో కొట్టేవాణ్ణి. మా బ్యాచ్‌లో ఒకడు అప్పుడే అన్నాడు, "నీ గొంతు పెద్దదిరా, పాయింటే చిన్నది" అని. పాయింట్ల సంగతి ఎలా ఉన్నా గొంతు పెద్దదవడం నిజమే, తర్వాత అదే అన్నం పెట్టింది. ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తాను, రోజుకి ఐదు క్లాసులు.

సరే, విషయానికొస్తాను. 2023 మార్చిలో స్కానింగ్, ఆ తర్వాత సన్నటి సూదితో గడ్డలోంచి కణాలు లాగి చూసే పరీక్ష. క్యాన్సర్ అనీ తేలలేదు, కాదనీ తేలలేదు. ఇలాంటి గడ్డల్ని తీసి చూస్తే తప్ప చెప్పలేమన్నారు. థైరాయిడ్‌లో ఎడమ సగం తీసేయాలి. ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టే కాగితంలో ఒక లైను ఉంది: గ్రంథి వెనకాల నుంచే స్వరపేటికకి వెళ్ళే నరం పోతుంది, దానికి దెబ్బ తగిలితే గొంతు మారవచ్చు, చాలామందిలో తాత్కాలికమే. నేను అందరిలాగే "చాలామందిలో" అన్న మాట పట్టుకుని సంతకం పెట్టేశాను.

బయాప్సీ మంచిగానే వచ్చింది, క్యాన్సర్ కాదు. మా అమ్మ సింహాచలం అప్పన్నకి మొక్కు తీర్చుకుంది. గొంతు మాత్రం రాలేదు.

రాలేదంటే పూర్తిగా మూగబోలేదు. టైరులోంచి గాలి పోతున్నట్టు ఒక చప్పుడు వచ్చేది. ముక్కులోంచి సన్నటి కెమెరా దింపి చూశారు. తెర మీద రెండు వోకల్ కార్డులు, అంటే స్వర తంతువులు, కుడిది తలుపులా వచ్చి మూస్తోంది, ఎడమది కదలకుండా అలాగే నిలబడిపోయింది. మధ్యలో సందు. గాలంతా అందులోంచే పోతోంది. నరం తెగలేదు, నలిగి ఉంటుంది, ఆరు నెలల నుంచి ఏడాది చూద్దాం అన్నారు. నేను ఎవర్నీ తప్పు పట్టడం లేదు, కానీ ఏడాది అనే మాట వినడానికీ గడపడానికీ చాలా తేడా ఉంది. మంచినీళ్ళు తాగితే పొలమారేది. గెడ్డం ఛాతీకి ఆనించి గుటక వేయమని నేర్పారు. ఫిల్టర్ కాఫీ కూడా అలాగే, తల దించుకుని, తప్పు చేసిన పిల్లాడిలాగా.

ఆ రోజుల్లోనే ఎబర్ట్‌ని మళ్ళీ తీశాను. ఈసారి రివ్యూలు కాదు, తన జబ్బు గురించి రాసుకున్నవి. 2002లో థైరాయిడ్ క్యాన్సర్, తర్వాత లాలాజల గ్రంథిలో క్యాన్సర్, 2006లో దవడ ఎముకలో కొంత తీశారు. ఆసుపత్రి నుంచి ఇంటికి బయల్దేరబోతూ ఒక పాట విందామని ఆగారట, ఆ కాసేపట్లో మెడలో రక్తనాళం పగిలింది. కార్లో ఉండి ఉంటే పోయేవాణ్ణే అంటాడు. ఆ తర్వాత మాట లేదు, నోటితో తిండి లేదు, నీళ్ళు లేవు. నాది ఆయన ముందు గోరంత కూడా కాదు, నాకు తెలుసు. అయినా ఓదార్పు కోసం చదవలేదు. ఈ పని ఎలా చేయాలో తెలిసిన మనిషి ఆయనొక్కడే నాకు తెలుసు, అందుకు చదివాను.

తిండి పోయినందుకు కాదు, భోజనం బల్ల దగ్గర కబుర్లు పోయినందుకు బెంగ అని రాశాడు. అది చదివినప్పుడు నేను బీచ్ రోడ్డులో ఉన్నాను. సాయంత్రం, కాళీమాత గుడి దాటాక, పక్కన ముగ్గురు స్నేహితులు, చేతిలో మురీ మిక్స్చర్ పొట్లం. తినగలను. ఉల్లిపాయ, నిమ్మకాయ, కారం అన్నీ తెలుస్తున్నాయి. కానీ వాళ్ళు ముందురోజు రిలీజైన సినిమా గురించి కొట్టుకుంటున్నారు, నేను ఫోన్లో చదువుకుంటున్నాను.

చిన్న నోటుపుస్తకం పెట్టుకున్నాను. దానితో వచ్చిన తంటా ఏంటంటే, నేను ఒక వాక్యం రాసి చూపించేసరికి వాళ్ళు ఇంకో సినిమాలో ఉండేవారు. వెటకారం అయితే మరీ ఘోరం, రెండు నిమిషాలు లేటుగా వచ్చిన వెటకారం అవమానంలా కనబడుతుంది. ఎబర్ట్‌కీ ఇదే బాధ. కంప్యూటర్ గొంతుతో మాట్లాడేవాడు కదా, 2011లో ఒక వేదిక మీద సరదాగా ఒక పరీక్ష ప్రతిపాదించాడు: యంత్రం గొంతు జోకు చెప్పి, సరైన చోట ఆగి, మనిషిలా నవ్వించగలిగితే పాసయినట్టు.

మా అమ్మాయి ఆ పరీక్ష నా ఫోన్‌కి పెట్టింది. తెలుగు చదివే గొంతు ఉంది కదా అందులో. పొద్దున్నే వంటింట్లోకి తొంగిచూసి "మళ్ళీ ఉప్మానా" అని టైపు చేసి నొక్కాను. ఆ మాటలో ఉన్నదంతా చివరి "నా" సాగదీయడంలోనే ఉంటుంది, ఏ ఇంట్లో అయినా. ఫోను మాత్రం స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్‌లా, "మళ్ళీ. ఉప్మానా." అంది. ఏదో ప్లాట్‌ఫారం మీదకి ఉప్మా వస్తోందేమో అన్నట్టుంది. మా ఆవిడ గరిటె పట్టుకుని కూలబడి నవ్వింది. నవ్వించింది కాబట్టి పాసా, తప్పు కారణానికి నవ్వించింది కాబట్టి ఫెయిలా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. "ఏటి బావా, ఎక్కడికెళ్ళిపోనావు" అని టైపు చేసి చూశాం కూడా. మన ఉత్తరాంధ్ర మాట దాని నోట్లో న్యూస్ చదివినట్టుంది, అది వేరే కథ.

జూన్‌లో కాలేజీ తెరిచారు. నాకు పేపర్లు దిద్దడం, ప్రశ్నలు తయారుచేయడం అప్పజెప్పారు. జీతంలో కోత పడింది, దాని గురించి ఎక్కువ రాయను.

రాత్రిళ్ళు మాత్రం ఖాళీ. వాదించలేను కాబట్టి, చూసిన సినిమా గురించి ఇంటికొచ్చి రాసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టడం మొదలుపెట్టాను. మొదటి రెండూ పాత అలవాటు ప్రకారం తీర్పులే. ఎవడూ పలకలేదు. అప్పుడు ఎబర్ట్ పాత రివ్యూలు ఒక ఇరవై వరసగా చదివితే ఒకటి కనబడింది, ఇన్నేళ్ళూ నా కళ్ళబడనిది: ఆయన బాగుంది, బాలేదు అనడానికి చాలా తక్కువ చోటు ఇస్తాడు. ఎక్కువ భాగం తను ఏం చూశాడో, అప్పుడు తనకేమయిందో చెప్తాడు. నేను కర్ర అనుకున్నది చేతి లైటు. మూడోసారి ఒక్క సీను గురించే రాశాను. కొడుకు నాలుగు నిమిషాలు డైలాగు చెప్తున్నంతసేపూ తల్లి పాత్ర ఖాళీ కంచంలో నీళ్ళు పోసి వేళ్ళతో తిప్పుతూనే ఉంటుంది, ఒక్కసారి కూడా తలెత్తదు. అంతే రాశాను. గొంతు పెద్దది అన్నవాడే రాత్రి పన్నెండింటికి జవాబిచ్చాడు: "అది నేను చూళ్ళేదురా. రేపు మళ్ళీ వెళ్తా."

ఇరవై ఏళ్ళు అరిచి వాణ్ణి ఒక్క సినిమాకి కూడా రెండోసారి పంపించలేకపోయాను.

అక్కణ్ణుంచి వారానికి రెండు రాశాను. ఎబర్ట్ మాట పోయాక, 2012 అనే ఒక్క ఏడాదిలో 306 రివ్యూలు రాశాడు, తన జీవితంలోనే అన్నిటికంటే ఎక్కువ. ఆ అంకె నా పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. నావి ఏడు నెలల్లో నలభై ఒకటి. లెక్కల మాస్టార్ని కదా, లెక్క వదలను.

పక్కన స్పీచ్ థెరపీ నడుస్తూనే ఉంది. గోడని రెండు చేతులతో నెడుతూ "ఆ" అనాలి. ఒక్క ఊపిరిలో ఎన్ని సెకన్లు నిలుస్తుందో థెరపిస్టు మేడమ్ గడియారం పెట్టి చూసేవారు. మొదట్లో నాలుగు. ఆగస్టుకి ఏడు. దసరా ముందు పదమూడు. కెమెరాలో ఎడమది కొద్దిగా కదులుతోంది, కుడిది మిగతా దూరం తనే వచ్చి కలుస్తోంది. మాట వచ్చింది, కాస్త బొంగురుగా. అరవడం మాత్రం ఇంకా వద్దన్నారు. "మరి పండక్కి పెద్ద సినిమా ఉంది మేడమ్" అన్నాను. ఆవిడ నవ్వి, "ఈల వేయండి సర్, దానికి వోకల్ కార్డులతో పనిలేదు, పెదాలూ గాలీ చాలు" అన్నారు.

నలభై రెండేళ్ళ వయసులో ఈల నేర్చుకున్నాను, మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, మా అమ్మాయి నవ్వుతుంటే. మొదటి రోజు మొదటి ఆట, జగదాంబలో, హీరో పేరు పడ్డప్పుడు నాలుక కింద రెండు వేళ్ళు పెట్టి వేశాను. ముందు వరసలో మావాడు వెనక్కి తిరిగి, చీకట్లో నన్ను వెతుక్కుంటూ, "ఏట్రా, నువ్వేనా అది?" అన్నాడు. జవాబు చెప్పలేదు. ఇంకోటి వేశాను.