తొమ్మిది చదరాల నగరం, తొమ్మిది చదరాల భవనం

జైపూర్‌కు వెళ్లే తెలుగువారు సాధారణంగా ఆమేర్ కోట, హవా మహల్, జంతర్ మంతర్ ఖగోళ వేధశాల, ఆ తరువాత బాపూ బజారులో లక్కగాజులు అనే వరుసలో తిరిగి, పుష్కర్‌కో ఉదయపూర్‌కో బయలుదేరతారు. మేమూ ఆ వరుసలోనే తిరిగాము. ఆ కోటల గురించి చాలామంది రాశారు కనుక వాటిని వదిలి, జవాహర్‌లాల్ నెహ్రూ మార్గ్‌లోని జవాహర్ కళా కేంద్రం గురించే రాస్తాను.

ఆ భవనం నన్ను అంతగా పట్టుకోవడానికి మేము దిగిన హోటల్ కూడా కొంత కారణం. పేరులో ‘హవేలీ’ అని ఉన్నందుకే అద్దె మిగతావాటికంటే బాగా ఎక్కువ. తీరా చూస్తే అది నాలుగంతస్తుల కాంక్రీటు కట్టడం. కిటికీల బయట గులాబీ రంగు పూసిన ఝరోఖాలు, అంటే గోడ బయటికి పొడుచుకొచ్చే కిటికీ అరలు, అతికించి ఉన్నాయి. అవి తెరుచుకోవు, నీడనివ్వవు, వాటిలో నిలబడి వీధిని చూడడానికి చోటు కూడా లేదు. అంతకుముందే 1799లో సవాయి ప్రతాప్ సింగ్ కట్టించిన హవా మహల్‌లో, ఆ 953 చిన్న కిటికీలలో ఒకదాని వెనక నిలబడి, సన్నని రంధ్రాలలోంచి ముఖానికి తగిలే గాలిని అనుభవించి వచ్చిన నాకు, ఈ అతికింపు చూస్తే నిజంగా కోపం వచ్చింది. నగరంలో కొత్తగా లేచిన దుకాణాలలోనూ చాలా వరకు ఇదే పద్ధతి కనిపించింది: వెనక మామూలు డబ్బా, ముందు రాజస్థాన్.

ఆ మధ్యాహ్నం కళా కేంద్రానికి ఆటో అతను మూడు వందలు అడిగి రెండు వందలకు దిగాడు. అదీ ఎక్కువే. “అక్కడ చూడడానికి ఏముంది సాబ్? నాహర్‌గఢ్ కోటకు తీసుకెళ్తాను” అని దారంతా చెబుతూనే ఉన్నాడు. దిగి చూస్తే నాకూ మొదట అలాగే అనిపించింది. ఎనిమిది మీటర్ల ఎత్తున ఎర్ర ఇసుకరాతి గోడలు, వాటి అంచున లేత రంగు ధోల్‌పూర్ రాయి. ఝరోఖా లేదు, గొడుగులాంటి ఛత్రీ మండపం లేదు, నెమలి బొమ్మ లేదు. గోడ మీద ఒక్కొక్క గ్రహానికి సంకేతం మాత్రం రాతిలో పొదిగి ఉంది.

దీని రూపశిల్పి చార్లెస్ కొరియా మన సికింద్రాబాద్‌లో 1930లో పుట్టినవారు. 1980ల రెండో సగంలో రాజస్థాన్ ప్రభుత్వం ఈ పని అప్పగించినప్పుడు ఆయన జైపూర్ పైపూతను పక్కనపెట్టి, దాని నగర పటాన్ని పట్టుకున్నారు. 1727లో సవాయి జైసింగ్ తలపెట్టిన ఆ నగరం, విద్యాధర్ భట్టాచార్య పర్యవేక్షణలో తొమ్మిది చదరాల మండలంగా, అంటే వాస్తు ప్రకారం గీసే పటంగా, రూపుదిద్దుకుంది. ఒక మూల కొండ అడ్డు రావడంతో అక్కడి చదరం తూర్పు పక్కకు జరిగింది. కళా కేంద్రం కూడా ముప్పై మీటర్ల చదరాలు తొమ్మిది. వాటిలో ఒకదాన్ని వరుస తప్పించి పక్కకు తిప్పారు, ప్రవేశం అక్కడే. నగరంలో కొండ చేసిన పనిని ఇక్కడ శిల్పి తన ఇష్టంతో చేశారు. జైపూర్ పటం తెలిసినవారికి ఆ ఒక్క మలుపులోనే ఊరు కనిపిస్తుంది.

గుడిలో మనం నవగ్రహాల చుట్టూ ప్రదక్షిణ చేస్తాము. ఇక్కడ ఒక్కో చదరం ఒక్కో గ్రహానిది కనుక గ్రహాల లోపలికే నడుస్తాము. గురువు ఇంట గ్రంథాలయం, శుక్రుడి ఇంట నాటకశాల, చంద్రుడి ఇంట ఫలహారశాల. మేము శుక్రుడి దగ్గరనుంచి గురువును వెతుకుతూ రెండు మూడు వాకిళ్లు దాటేసరికి దిక్కు తోచలేదు. ఒక పెద్ద వయసు కాపలాదారు మా తికమక చూసి లేచి వచ్చి, “దారి గుర్తుపెట్టుకోకండి. ఎటు వెళ్లినా సూర్యుడి దగ్గరకు వచ్చేయండి, అక్కడినుంచి అన్నీ కనిపిస్తాయి” అన్నారు. పలకలు, బాణం గుర్తులు ఎన్ని పెట్టినా ఆ భవనాన్ని ఇంతకంటే బాగా వివరించలేవు.

మధ్యలోని సూర్యుడి చదరంలో ఏమీ లేదు. నాలుగు వైపులా మెట్లు దిగే కుండం, పైన ఆకాశం, అంతే. వాస్తు మండలంలో బ్రహ్మస్థానాన్ని, అంటే నడిమి చోటును, ఖాళీగా ఉంచాలన్న మాట మన మేస్త్రీలు కూడా చెబుతారు. కానీ ఆ ఖాళీ ఎందుకో నాకు అర్థమైంది ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడే. కాలేజీ పిల్లలు ఒక మూల నాటకం సాధన చేస్తున్నారు, ఇంకో మూల ఎవరో నిద్రపోతున్నారు, గోడ నీడ మెట్టు తరువాత మెట్టు ఎక్కుతోంది. కోనసీమలో మా అమ్మమ్మగారి మండువా లోగిలి గుర్తొచ్చింది. ఇంటి నడుమ వాన పడే చోటు, చుట్టూ వసారా, అన్ని గదులకూ దారి అక్కడినుంచే. ఆ ఇల్లు తీసేసి కట్టిన కొత్త ఇంటికి ముందువైపు చెక్కిన స్తంభాలు పెట్టుకున్నారు గానీ మండువాను మాత్రం స్లాబు వేసి మూసేశారు. ఆ లెక్కన పాతదనం ఏ ఇంట్లో మిగిలినట్టు?

భవనంలో లోటు లేకపోలేదు. ఏప్రిల్ ఎండలో ఆ రాతి మెట్లు కాలి బొబ్బలెక్కించేంత వేడిగా ఉంటాయి. సాయంత్రం నాలుగు దాటితే గాని కూర్చోలేము. కొన్నిచోట్ల రాయి మీద నీటి చారలు పడి వెలిసిపోయాయి. అంత మంచి కట్టడానికి అంతకంటే మంచి సంరక్షణ అవసరం.

జైసింగ్ కూడా పాతదాన్ని అలాగే అతికించిన మనిషి కాదు. మండలం ప్రకారం నగరం వేయించిన ఆ రాజే, సమర్‌ఖండ్‌ను ఏలిన ఖగోళవేత్త ఉలుగ్ బేగ్ నక్షత్ర పట్టికలనూ, యూరప్ నుంచి తెప్పించుకున్న ఖగోళ పట్టికలనూ ముందుపెట్టుకుని జంతర్ మంతర్‌లో పరిశీలనలు చేయించాడు. ఆ కాలానికి జైపూర్ పూర్తిగా కొత్త ఊరు. కొరియాకు ఆయననుంచి అందింది ఆ ధైర్యమేనని నేను నమ్ముతున్నాను.

వెళ్లేవారు ఉదయం జంతర్ మంతర్ చూసి, అదే రోజు ఎండ తగ్గాక ఇక్కడికి రండి. యంత్రాల మీది నీడలు కళ్లలో ఉండగానే ఈ గోడల నీడలు చూడవచ్చు. కుండం దగ్గర కనీసం ఒక గంట కూర్చోండి. తిరుగు ఆటోకు మాత్రం నూట యాభై దాటి ఇవ్వకండి.